గాలం: పదం, పనిముట్టు, ఎంపిక — కాకినాడ అఖాతం, గోదావరి మొగల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

కీలకపదాలు: గాలం, బడిశం, ఎర, మొగ, ఉప్పుటేరు, వృత్తిపదజాలం, కాకినాడ, కోరింగ

ప్రవేశిక

తెలుగు సాహిత్యంలో గాలం కనిపించిన చోట్ల ఎక్కువగా అది పనిముట్టుగా కాక ఉపమానంగానే కనిపిస్తుంది. ఆశకు లోబడినవాడు గాలానికి చిక్కిన చేప. ఆశ చూపినవాడు గాలం వేసినవాడు. ఈ వాడుక ఎంతగా స్థిరపడిందంటే, నేటి పత్రికాభాషలోనూ ఫిల్మ్‌నగర్‌లో పుట్టే చలనచిత్ర సంభాషణల్లోనూ గాలం వినిపించగానే మోసమే స్ఫురిస్తుంది కాని చేప స్ఫురించదు. ఉపమానంలోని గాలం ఎప్పుడూ ఒక్కటే. దానికి పరిమాణం లేదు, వంపు లేదు, తయారుచేసిన కమ్మరి లేడు. అఖాతాల్లోనూ ఉప్పుటేళ్లలోనూ వేటాడేవారికి మాత్రం గాలం ఏకవచనం కాదు. ఏ చేపకు ఏ గాలం, ఏ నీటికి ఏ గాలం అన్న ఎంపికతోనే ఆ వేట మొదలవుతుంది.

ఈ వ్యాసం గాలం అనే పదం చరిత్రనూ వస్తువు చరిత్రనూ పక్కపక్కన ఉంచి చూస్తుంది. కావ్యపురాణాలు గాలాన్ని చేప పక్షాన నిలిచి చూశాయి. వేటగాని పక్షాన నిలిచి చూసిన రచనలు బహు తక్కువ. అందువల్ల గాలాన్ని ఎంచుకునే జ్ఞానం పద్యంలోకీ నిఘంటువులోకీ చేరలేదు. అయితే ఉపమానాలను జాగ్రత్తగా చదివితే వాటి అడుగున ఒక నిర్దిష్టమైన పనిముట్టు ఆనవాళ్లు దొరుకుతాయి. వాటిని గుర్తించడానికి కాకినాడ అఖాతం, గోదావరి మొగల పరిసరాలను ఇక్కడ ఆధారభూమిగా గ్రహించడమైంది.

పదం

గాలము దేశ్యపదం. కన్నడంలో ఇదే అర్థంలో గాళ ఉంది. తమిళంలో తూండిల్, మలయాళంలో చూండ వాడుకలో ఉన్నాయి. అంటే ఈ పనిముట్టు పేరు విషయంలో తెలుగు కన్నడంతో కలిసి ఒక వైపు, తమిళ మలయాళాలు మరొక వైపు నిలుస్తున్నాయి. వంపు తిరిగిన మొన ఉన్న వస్తువులకు తెలుగులో కొక్కెం, కొంకి, కొండి వంటి మాటలు వేరుగా ఉన్నాయి. తగిలించడానికి కొక్కెం, లాగడానికి కొంకి. తేలు తోకకు ఉన్నది కొండి. చేపను పట్టే కొక్కేన్ని వీటిలో దేనితోనూ చెప్పక భాష ప్రత్యేకంగా ఒక మాటను కేటాయించడం గమనార్హం. బియ్యం గాలించడం, పోలీసుల గాలింపు మొదలైన మాటలకు గాలంతో రూపసామ్యం ఉన్నా, వాటి మూలార్థం నీటిలో కదిలించి రాళ్లను వేరుచేయడం. వాటిని గాలానికి ముడిపెట్టడం జానపద నిరుక్తి అవుతుంది తప్ప శాస్త్రం కాదు.

ఎర మాట మరింత ఆసక్తికరం. తమిళంలో ఇరై అంటే జంతువు తినే తిండి, వేటాడే ప్రాణి. కన్నడంలో వానపాము ఎరెహుళు. తెలుగులో గాలానికి గుచ్చేది ఎర, వానపాము ఎర్ర. మంచినీటి వేటలో అన్నిచోట్లా సులభంగా దొరికే ఎర వానపామే కనుక ఈ మాటల సామీప్యం యాదృచ్ఛికంగా తోచదు.

సంస్కృతంలో గాలానికి బడిశం పేరు. అమరకోశం వారివర్గంలో దీనికి మత్స్యవేధనం పర్యాయంగా ఉంది. చేపల బుట్టకు కువేణి అనే పేరు కూడా అక్కడే ఉంది. వేధనం అంటే గుచ్చడం. సంస్కృత పర్యాయం వస్తువును దాని పనితో నిర్వచించింది. ఎరకు సంస్కృతం ఆమిషం అంటుంది. ఆమిషమంటే మాంసం, భోగ్యవస్తువు కూడా. ఈ శ్లేష వల్లనే గాలం వేదాంతానికి అంత సులభంగా అందివచ్చింది.

తెలుగు నిఘంటువుల విషయానికి వస్తే, 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం గాలాన్ని చేపలు పట్టే సాధనంగా నమోదు చేశాయి. అంతవరకు అవి చేసిన పని సరైనదే. కాని వల విషయంలో అలివి వల, విసురు వల వంటి భేదాలను తెలుగు పాఠకుడు ఎంతో కొంత ఎరుగును. గాలానికి అటువంటి భేదాలు ఉన్నాయన్న ఎరుకే సాహిత్యలోకంలో లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం నాగలి భాగాలకు ప్రాంతాలవారీగా ఎన్ని పేర్లున్నాయో చూపింది. గాలానికీ కాడ, వంపు, మొన, మొన లోపలి ముల్లు, తాడు కట్టే కన్ను అనే భాగాలున్నాయి. వాటిని ఈ వ్యాసంలో ఇలా సామాన్యమైన మాటలతోనే చెప్పవలసి వస్తోంది.

ఉపమానంలో దాగిన పనిముట్టు

వాల్మీకి రామాయణం అరణ్యకాండలో సీతను ఎత్తుకుపోతున్న రావణుణ్ణి జటాయువు అడ్డగిస్తాడు. తన చావు కోసమే ఎరతో కూడిన గాలాన్ని పట్టుకున్న చేపతో రావణుణ్ణి పోలుస్తాడు. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి నీతి చెబుతూ, మేలైన తిండితో కప్పిన ఇనుప గాలాన్ని చేప వెనుకాముందూ చూడక మింగుతుందంటాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తన ఇరవైనలుగురు గురువుల్లో చేపను ఒకటిగా లెక్కిస్తాడు. నాలుకను గెలవలేనివాడు గాలానికి చిక్కిన చేపలా నశిస్తాడన్నది ఆ గురువు నేర్పిన పాఠం. ఈ స్కంధాన్ని తెలుగులోకి సంగ్రహంగా తెచ్చినవాడు వెలిగందల నారయ. శంకరులకు సంప్రదాయం ఆపాదించే వివేకచూడామణిలో శబ్దానికి లేడి, స్పర్శకు ఏనుగు, రూపానికి మిడుత, రసానికి చేప, గంధానికి తుమ్మెద బలి అవుతాయన్న పంచకం ఉంది. తెలుగు శతకకారులకూ హరికథకులకూ ఈ సామగ్రి సిద్ధంగా అందింది.

ఈ ఉదాహరణలను ఇంద్రియనిగ్రహ బోధగా చదవడం పరిపాటి. పనిముట్టు వైపు నుంచి చదివితే మూడు విషయాలు బయటపడతాయి. మొదటిది, విదురుని గాలం ఇనుపది. కర్ర, ఎముక, గవ్వ, రాగి కాక ఇనుము అని ఆ పద్యం విడిగా చెప్పింది. రెండవది, గాలం తిండితో కప్పబడింది. అంటే ఎర కన్న గాలం పెద్దది కాకూడదు. వేటలో గాలం పరిమాణాన్ని నిర్ణయించే తొలి సూత్రమిది. మూడవది మరీ ముఖ్యం: చేప గాలాన్ని మింగుతుంది. భాగవత శ్లోకమూ నాలుక, రసం, నోరు చుట్టూనే తిరుగుతుంది. మింగుడుపడి లోపల గుచ్చుకోవడం తిన్నని కాడ, ఒకే వంపు, పైకి చూసే మొన ఉన్న గాలానికి సహజమైన లక్షణం. మొన లోపలికి, కాడ వైపు తిరిగిన గుండ్రని గాలాన్ని చేప మింగినా, తాడు బిగిసేసరికి అది గొంతు నుంచి జారి దవడ మూలలో తగులుకుంటుంది. అటువంటి గాలమే వాడుకలో ఉన్న సమాజంలో ఉపమానం ఇదే రూపంలో పుట్టేదా అన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. పసిఫిక్ ద్వీపవాసులు అనాదిగా గవ్వతో, ఎముకతో చేసుకున్నవి చాలావరకు ఇటువంటి గుండ్రని గాలాలే. మన పురాణకవులు చూసింది తిన్నని గాలం. కనుక వారి ఉపమానం వేదాంతానికి ఎంత నమ్మకంగా ఉందో, వస్తువుకూ అంతే నమ్మకంగా ఉంది.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ గాలం వేసినవాడు మాత్రం లేడు. చేప ఉంది, ఎర ఉంది, చావు ఉంది. తాడు రెండో కొసను పట్టుకున్న చెయ్యి కనిపించదు. విధి, కాలం, మాయ ఆ చేతి స్థానంలో నిలిచాయి. వృత్తి చేసే మనిషిని ఇలా తుడిచివేయడం ఉపమానానికి అవసరమే కావచ్చు. కాని ఆ అలవాటు ఉపమానం దాటి నిఘంటువుకూ చరిత్రరచనకూ పాకింది.

రాజు పట్టిన గాలం

దీనికి మినహాయింపుగా దక్కనులో ఒక గ్రంథం ఉంది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో రచించిన మానసోల్లాసం వినోదవింశతిలో మత్స్యవినోదం ఒక ప్రకరణం. నాటికి అనుమకొండ కాకతీయులు కల్యాణి ప్రభువులకు సామంతులు. అందువల్ల తెలంగాణ నేల ఈ గ్రంథపు పరిధిలోనిదే. సముద్రపు చేపలూ మంచినీటి చేపలూ కలిపి సుమారు 35 రకాలను, వాటికి పెట్టవలసిన మేతను, బద్దను, తాడును, గాలాన్ని, వేటాడే తీరును అందులో వర్ణించారు. చేపల శాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో ఈ ప్రకరణాన్ని విశ్లేషించి ఆధునిక శాస్త్రలోకానికి పరిచయం చేశాడు.

మత్స్యవినోదంలో గాలం ఉపమానం కాదు. చేపను బట్టి ఎర మారుతుంది, ఎరను బట్టి సాధనం మారుతుంది. తాడు కొసన చెయ్యి కూడా కనిపిస్తుంది, అయితే అది రాజుగారి చెయ్యి. వినోదం కాబట్టే వేట వర్ణనకు అర్హమైంది. జీవనోపాధి అయిన వేటకు ఆ యోగ్యత దక్కలేదు. రాజుకు ఈ వివరాలు నేర్పినవారు ఎవరన్నది గ్రంథం పట్టించుకోలేదు. అవి పల్లెకారుల, బెస్తల నోటి నుంచి వచ్చి ఉండాలన్నది ఊహే అయినా బలమైన ఊహ.

మూడు శతాబ్దాల తరువాత ఇంగ్లండులో జరిగినది పోలికకు పనికివస్తుంది. వింకిన్ డి వర్డ్ 1496లో అచ్చువేసిన చేపలవేట గ్రంథం గాలాలు తయారుచేయడాన్ని ఆ కళలో మిక్కిలి నేర్పు కోరే పనిగా చెబుతుంది. చిన్న చేపలకు సన్నని సూదులను, పెద్ద చేపలకు దర్జీల సూదులనూ చెప్పులు కుట్టేవారి సూదులనూ కాల్చి, వంచి, ముల్లు లేపి, మళ్లీ నీరు పట్టించమంటుంది. అక్కడ కూడా వేట వినోదమే. కాని గాలం పరిమాణాన్ని ఇతర వృత్తుల పనిముట్లతో కొలిచిన ఆ పద్ధతి వేటగాని చేతికి దగ్గరగా ఉంది. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం తరువాతి కాలంలో సూదుల పరిశ్రమకూ గాలాల పరిశ్రమకూ కలిపి కేంద్రం కావడానికి మూలం ఈ బంధుత్వంలోనే ఉంది.

వస్తువుగా గాలం వీటన్నింటికన్నా పాతది. జపాన్‌లోని ఒకినావా ద్వీపంలో దొరికిన గవ్వ గాలాలు సుమారు 23,000 ఏళ్లనాటివి. మొహెంజొదారో తదితర సింధులోయ స్థలాల్లో ముల్లు, కన్ను ఉన్న రాగి గాలాలు లభించాయి. ముల్లు ఉన్నదంటే గుచ్చుకున్న చేప జారిపోవడమనే సమస్యను ఆనాటికే గుర్తించి పరిష్కరించారన్నమాట.

మొగలో ఎంపిక

నది సముద్రంలో కలిసే చోటును గోదావరి తీరంలో మొగ అంటారు. ముఖం, మొగం, మొగ అనే క్రమం గాడిమొగ వంటి ఊరిపేర్లలో నిలిచి ఉంది. ఆటుపోట్లకు ఉప్పునీరు ఎక్కిదిగే కాలువ ఉప్పుటేరు. కాకినాడకు తూర్పున గోదావరి ఒండ్రు పేరుకొని ఏర్పడిన హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ సుమారు 16 కిలోమీటర్ల పొడవున అఖాతాన్ని సముద్రపు అలల నుంచి కాపాడుతోంది. దక్షిణాన కోరింగ మడ అడవులు. 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. 1839 నవంబరు తుపానులో కోరింగ రేవు ధ్వంసమైన తరువాత ఈ ప్రాంతపు వర్తకచరిత్ర కాకినాడకు తరలింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మొగలకు చేరే మంచినీటి పాళ్లు మారాయి. చరిత్రగ్రంథాల్లో ఈ ప్రాంతం రేవులుగా, కాలువలుగా, కుంఫిణీ గిడ్డంగులుగా కనిపిస్తుంది. గాలం వేసేవారికి మాత్రం ఇది లోతు తక్కువైన నీరు, బురద అడుగు, ఆల్చిప్పల మేటలు, మడ చెట్ల వేళ్లు, రోజుకు రెండుసార్లు తిరగబడే ప్రవాహం.

ఈ నీటిలో అన్ని చేపలూ గాలానికి రావు. గోదావరి పేరు చెప్పగానే నోరూరించే పులస గాలానికి రాని చేపల్లో మొదటిది. సముద్రంలోని ఇలస వరదకాలంలో గుడ్లు పెట్టడానికి ఏరెక్కితే పులస అవుతుంది. అది నీటిలోని సూక్ష్మజీవులను మొప్పల జల్లెడతో వడగట్టి తింటుంది. దానికి చూపదగిన ఎర లేదు, కనుక దానికి వలే గతి. జిహ్వచాపల్యానికి చేపను ప్రతీకగా చూపిన వేదాంతులకు, గోదావరిలో అత్యంత విలువైన చేపే గాలాన్ని లెక్కచేయదన్న సంగతి తట్టినట్టు లేదు.

గాలానికి వచ్చే చేపల్లో పండుగప్ప ముఖ్యమైనది. దాని నోరు పెద్దది. ఎరను కొరకదు, నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. బతికి కదిలే రొయ్యనో చిన్న చేపనో అది ఇష్టపడుతుంది. ఇక్కడ వేటగానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఎర బతికి ఉండాలంటే గాలం తీగ సన్నగా ఉండాలి, లావు తీగ గుచ్చితే రొయ్య చస్తుంది. పండుగప్ప గుంజుకు తట్టుకోవాలంటే తీగ లావుగా ఉండాలి, సన్న తీగ తిన్నగా సాగిపోతుంది. దీనికి తోడు ఆ చేప మొప్పల మూత అంచు కత్తిలా ఉండి తాడును కోస్తుంది. మడ వేళ్ల మధ్య వేసినప్పుడు లెక్క మళ్లీ మారుతుంది. గాలం వేరుకు తగులుకుంటే సన్న తీగ సాగి ఊడివస్తుంది, తాడూ బరువూ దక్కుతాయి. లావు తీగ సాగదు కనుక తాడు తెగి అన్నీ పోతాయి. చేప, ఎర, చోటు మూడూ మూడు వైపులకు లాగుతుంటే, వాటి మధ్య కుదిరే రాజీ పేరే ఎంపిక.

జెల్ల కథ వేరు. మీసాలతో బురదను తడుముతూ వాసనతో తిండిని వెతికే చేప అది. దానికి బతికిన ఎర అక్కరలేదు. కవళ్ల ముక్కో కానాగంత ముక్కో చాలు. అది నిదానంగా లోపలికంటా మింగుతుంది; పురాణాల చేపకు అచ్చమైన నమూనా ఇదే. కాని వీపు మీదా రెక్కల దగ్గరా రంపపు పళ్లున్న ముళ్లుంటాయి, గుచ్చుకుంటే విషం. మింగిన గాలాన్ని చేతితో తీయడం ప్రమాదకరం. అందుకే దీనికి కాడ పొడుగైన గాలం మేలు: కొస బయట ఉంటుంది, తిప్పి లాగవచ్చు. మాగకు ముట్టె ముందుకు పొడుచుకువచ్చి నోరు కింది వైపు ఉంటుంది, ఎరను అడుగునుంచే తీసుకుంటుంది. గొరక నోరు చిన్నది, పెదవులు మందం. పెద్ద గాలం దానికి పట్టదు. సొర విషయంలో గాలం కన్న దాని పైన కట్టే తాడే సమస్య. పళ్లకు తెగకుండా గాలానికి పైన కొంత మేర లోహపు తీగ వాడాలి.

ఒకే మనిషి చేతి తాడుతో వేసే వేటకూ, ఒక పెద్ద తాడుకు వరసగా చిన్న తాళ్లు కట్టి, ఒక్కోదాని కొసన ఒక్కో గాలం పెట్టి వదిలే వేటకూ కూడా ఎంపిక ఒకటి కాదు. చేతి తాడులో చేప తగలగానే గుంజే మనిషి ఉన్నాడు. వరస గాలాలకు ఆ మనిషి ఉండడు, చేప తనంతట తానే చిక్కుకోవాలి. కనుక మొన కొద్దిగా పక్కకు వాలిన గాలాలు, ముల్లు బలంగా ఉన్న గాలాలు అక్కడ నమ్మదగినవి. అమావాస్య పౌర్ణముల పోటు ఉధృతంగా ఉన్నప్పుడు సీసపు బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే ఎర బురదలో కూరుకుపోతుంది. ఆల్చిప్పల మేటల మీద ఈడ్చుకుపోతే మొన మొద్దుబారుతుంది. ఉప్పుగాలికి ఆరుతూ తడుస్తూ ఉండే చోట ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు కన్న ముందు పోయేది మొన వాడి. రాతి మీద మొన నూరుకోవడం వేటలో ఒక భాగం.

వీటిలో ఏ ఒక్కటీ సాహిత్యానికి తగని సంగతి కాదు. హెమింగ్వే 1952లో ప్రచురించిన ముసలివాడు, సముద్రం నవలలో నాలుగు గాలాలను నాలుగు లోతుల్లో, 40 బారల నుంచి 125 బారల వరకు, ముసలివాడు ఎలా దించాడో, గాలం కాడ ఎర లోపల పూర్తిగా ఎలా దాగిందో ఓపికగా చెబుతాడు. ఆ వివరాలు లేకుంటే తరువాతి పోరాటానికి బరువు లేదు. విదురుడు చెప్పిన కప్పడమే అది, తాడు ఈ కొస నుంచి చూసినప్పుడు.

దొరల పుస్తకాలు

తీరాంధ్రలో చేపలను గురించి తొలి శాస్త్రీయ గ్రంథం విశాఖపట్నంలో పుట్టింది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ అక్కడ సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడ్డాయి. రస్సెల్ చేపలను జాలరులు పిలిచే పేర్లతోనే నమోదు చేశాడు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1829లో వాటిలో కొన్నింటికి శాస్త్రీయ నామాలు పెట్టేటప్పుడు ఆ తెలుగు పేర్లనే తీసుకున్నాడు. స్ఫైరేనా జెల్లో అనే పేరులోని జెల్లో అలా వచ్చినదే. మీసాల జెల్లతో దానిని కలిపివేయకూడదు. గొరక కూడా గువోరకా అనే రూపంలో ప్రపంచ చేపల పట్టికలోకి ఎక్కింది. విశాఖ జాలరి నోటి మాట లాటిన్ నామంగా రెండు శతాబ్దాలు నిలిచింది. తెలుగు పదచరిత్రలో ఇది చిన్న ఘటన కాదు. అయితే రస్సెల్‌కు కావలసింది చేప. దానిని పైకి తెచ్చిన సాధనం కాదు.

ఫ్రాన్సిస్ డే 1873లో సమర్పించిన సముద్ర మత్స్య నివేదిక, అదే ఏడు వెలువడిన హెన్రీ సలివన్ థామస్ వేట గ్రంథం రెండు వేర్వేరు ప్రపంచాలు. డే ప్రభుత్వం కోసం లెక్కలు సేకరించాడు. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి థామస్ తన తోటి దొరల వినోదం కోసం గాలాల గురించి, ఎరల గురించి వివరంగా రాశాడు. పన్నెండో శతాబ్దిలో సోమేశ్వరునికి దక్కినట్టే పందొమ్మిదిలో దొరకూ వినోదవేట దక్కింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909 నాటి ఏడు సంపుటాల్లో వాడబలిజ, జాలరి, పల్లె మొదలైన కులాల ఆచారాలున్నాయి. జేమ్స్ హోర్నెల్ 1920లలో మద్రాసు మత్స్యశాఖ కోసం కోరమాండల్ తీరపు వేటపద్ధతులను వర్ణించాడు. పడవలూ వలలూ ఆయన దృష్టిని ఆకర్షించినంతగా గాలం ఆకర్షించకపోవడం అర్థం చేసుకోదగినదే. వల బయట ఆరబెట్టి ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. గాలం ఎంపిక చేతిలోనూ తలలోనూ ఉంటుంది.

అంకెగా మారిన గాలం

గాలం చరిత్రలో పెద్ద మార్పు నార్వే నుంచి వచ్చింది. 1832లో స్థాపితమైన మస్టాడ్ సంస్థలో 1877లో గాలాలు తయారుచేసే యంత్రం రూపొందింది. తీగ ఒక వైపు నుంచి పోతే, వంగి, ముల్లు లేచి, మొన తేలి గాలం మరొక వైపు వస్తుంది. తరువాత నీరు పట్టించడం, తుప్పు పట్టకుండా తగరం పూయడం. ఊరి కమ్మరి గాలంలో తీగ మెత్తనైతే సాగేది, అతిగా కాలితే విరిగేది. యంత్రపు గాలం ఈ అనిశ్చితిని తొలగించింది. నార్వే గాలాలు భారత తీరాలకు కూడా చేరాయి.

దానితోపాటు ఒక అంకెల భాష వచ్చింది. ఒకటి నుంచి అంకె పెరిగే కొద్దీ గాలం చిన్నదవుతుంది. ఒకటి బై సున్నా నుంచి మొదటి అంకె పెరిగే కొద్దీ పెద్దదవుతుంది. ఒకే అంకె ఉన్న రెండు కంపెనీల గాలాలు ఒకే పరిమాణంలో ఉండాలన్న నియమం లేదు. కమ్మరికి చేపను చెప్పి గాలం చేయించుకున్న చోట, దుకాణంలో అంకె చెప్పి కొనుక్కోవడం మొదలైంది. తెలుగు సమాసం చేపనూ గాలాన్నీ కలపగలదు. సొర గాలం అంటే దాని పరిమాణం, బలం, ప్రయోజనం మూడూ తెలుస్తాయి. అంకె పరిమాణం ఒక్కటే చెబుతుంది. కచ్చితత్వం పెరిగింది, అర్థం తగ్గింది. ఇది నష్టమేనని ఏకపక్షంగా తేల్చడం న్యాయం కాదు. మంచి గాలం తక్కువ వెలకు దొరకడం వేటగానికి మేలు. నష్టపోయినది పదకోశం.

తాడు కూడా మారింది. నూలు, జనుము తాళ్లకు మడ బెరడు, తుమ్మ బెరడు రసం పట్టించి కుళ్లకుండా కాపాడుకొనే కాలం, 1950ల చివరి నుంచి నైలాను రావడంతో ముగిసింది. నీటిలో కనిపించని సన్న నైలాను తాడుకు చిన్న గాలం కట్టవచ్చు. లావు జనుము తాడుకు అది కుదరదు. ఒకప్పుడు తాడు లావే గాలం ఎంపికకు హద్దు. ఆ హద్దు తొలగడంతో మడ బెరడు కషాయం చుట్టూ ఉన్న పని, ఆ పనికి సంబంధించిన మాటలు కూడా పక్కకు పోయాయి.

ఇటీవలి మార్పు గుండ్రని గాలానిది. గాలాన్ని మింగి సముద్ర తాబేళ్లు చనిపోవడాన్ని తగ్గించడానికి అమెరికా 2004లో అట్లాంటిక్ వరస గాలాల వేటలో దీనిని తప్పనిసరి చేసింది. హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి కనుక ఈ చర్చ కాకినాడకూ వర్తిస్తుంది. అయితే ఈ తీరంలో వాటి చావుకు ప్రధాన కారణం మరపడవల ట్రాలు వలలే. గాలం వంతు దానితో పోల్చదగినది కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం ఉన్నప్పుడు, యంత్రం లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. ఆ 61 రోజుల్లో మొగలోనూ ఉప్పుటేట్లోనూ చేతి తాడుకు ఉన్న విలువ లెక్కల్లో కనిపించేదానికన్న ఎక్కువ.

గుండ్రని గాలంతో వేట నేర్చుకోవాలంటే చెయ్యి పాత అలవాటును మానుకోవాలి. చేప ఎరను అందుకున్నట్టు తెలియగానే గుంజితే అది నోటి నుంచి ఊడిపోతుంది. తాడు మెల్లగా బిగిసేదాకా ఆగాలి. వృత్తాకార గాలం అనే మాట దీనికి శాస్త్రపుస్తకాల అనువాదంగా సరిపోతుంది. మొగలో దానితో వేటాడేవారు దానిని ఏమని పిలుస్తారో వారి నోటి నుంచి విని రాసుకోవలసి ఉంది. రస్సెల్ రెండు శతాబ్దాల కిందట చేపల పేర్లను రాసుకున్నట్టు.